మీ సంగీతం మేటి స్కేటర్లు, జిమ్నాస్టుల ప్రదర్శనలో వినిపించాలంటే ఏం చేయాలి?

"నేను సంగీతం చేస్తాను. నా ట్రాక్ మీద ఒలింపిక్స్ స్థాయి స్కేటరో, జిమ్నాస్టో ప్రదర్శన ఇవ్వాలని ఎప్పటినుంచో కోరిక. ఎవరిని అడగాలి? ఏం పంపాలి?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

కోరిక పెద్దదే, అయినా అందనిది కాదు. 2001లో వచ్చిన 'ఒన్మ్యోజి' అనే జపాన్ సినిమాకు షిగేరు ఉమెబయాషి చేసిన సంగీతాన్ని ఫిగర్ స్కేటర్ యుజురు హన్యూ 2015-16 సీజన్‌కు ఎంచుకున్నాడు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన రోజు కూడా మంచు మీద వినిపించింది అదే. అంటే ఎప్పుడో చేసిన సంగీతం ఏళ్ల తర్వాత కూడా ఎంపిక కావచ్చు. మరో దారి, క్రీడాకారుల కోసమే పనిచేయడం. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో రష్యా స్కేటర్ ఎవ్‌గెనీ ప్లుషెంకో ఫ్రీ స్కేటింగ్‌కు (పోటీలో రెండో, పెద్ద ప్రదర్శనకు) వాడిన సంగీతాన్ని వయోలినిస్ట్ ఎడ్విన్ మార్టన్ అతని కోసం మలిచి ఇచ్చాడు.

రెండు దారుల్లోనూ ఒకటే చూస్తారు. బాగున్న సంగీతం లోకంలో బోలెడంత ఉంది. కదిలే శరీరానికి పనికొచ్చేది, కోతకు లొంగేది, హక్కుల చిక్కులు లేనిది మాత్రం తక్కువ. కోచ్‌లు, కొరియోగ్రాఫర్లు వెతికేది దాన్నే. కింద రాసినవన్నీ మీ ట్రాక్‌ను ఆ తక్కువవాటిలో చేర్చడానికే.

కావలసినవి

- పూర్తయిన ట్రాక్ ఒకటి. దాని స్టెమ్స్, అంటే డ్రమ్స్, బేస్, తీగ వాద్యాలు, గొంతు విడివిడి ఫైళ్లుగా.
- మీరు ఎంచుకున్న క్రీడకు ఈ సీజన్ నియమావళి. అంతర్జాతీయ సమాఖ్యల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది.
- ఆ క్రీడలో పూర్తి ప్రదర్శనల వీడియోలు కొన్ని, ఒక స్టాప్‌వాచ్.
- ట్రాక్‌లో వాయించినవాళ్లు, పాడినవాళ్లు, సహ రచయితల నుంచి రాతపూర్వక అనుమతులు.
- ఓపిక. మొదటి డెమోకే మేటి క్రీడాకారులు దొరకరు. జూనియర్లతో మొదలుపెట్టి, వాళ్లతో పాటు పైకి వెళ్లడమే మామూలుగా జరిగేది.

1. ముందు ఒక క్రీడను ఎంచుకోండి

అన్నింటికీ పనికొచ్చే ట్రాక్ అని పంపితే ఎవరూ తీసుకోరు. ఒక్కో క్రీడ అడిగేది ఒక్కో రకం.

ఫిగర్ స్కేటింగ్: 2025-26 సీజన్ నియమాల ప్రకారం సీనియర్ సింగిల్స్, పెయిర్స్ (జంటల విభాగం) షార్ట్ ప్రోగ్రామ్, అంటే పోటీలో మొదటి, చిన్న ప్రదర్శన 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ స్కేటింగ్ 4 నిమిషాలు. రెండింటిలోనూ 10 సెకన్లు అటూ ఇటూ కావచ్చు. ఆ హద్దు దాటితే ప్రతి 5 సెకన్లకు 1 పాయింట్ కోత. మాటలున్న పాటలను ఐస్ డాన్స్‌లో 1997-98 నుంచి, సింగిల్స్, పెయిర్స్‌లో 2014-15 నుంచి అనుమతిస్తున్నారు.

మహిళల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ ఫ్లోర్: గరిష్ఠంగా 90 సెకన్లు. గొంతును వాద్యంలా వాడొచ్చు కానీ మాటలు ఉండకూడదు. మాట వినిపిస్తే 1 పాయింట్ పోతుంది. జిమ్నాస్ట్ కింద పడిపోతే పోయేదీ అంతే. పురుషుల ఫ్లోర్‌కు సంగీతం లేదు, అటు వెళ్లకండి.

రిథమిక్ జిమ్నాస్టిక్స్: వ్యక్తిగత విభాగంలో 1:15 నుంచి 1:30, గ్రూప్‌లో 2:15 నుంచి 2:30. హూప్, బాల్, క్లబ్స్, రిబ్బన్ దేని నడక దానిదే. బాల్‌కు చేసినది క్లబ్స్‌కు కుదరకపోవచ్చు.

ఆర్టిస్టిక్ స్విమ్మింగ్: నీటి అడుగున స్పీకర్లు పెడతారు. మిక్సింగ్ తెలిసినవాళ్లకు చాలా ఆసక్తికరమైన క్రీడ. దీని సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

గుర్రపుస్వారీలో డ్రెస్సాజ్ ఫ్రీస్టైల్ కూడా ఉంది. అక్కడ సంగీతం గుర్రం అడుగుల వేగాన్ని అనుసరించాలి. వాక్ (నడక), ట్రాట్ (చిన్న పరుగు), క్యాంటర్ (దౌడు) మూడింటికీ మూడు టెంపోలు కావాలి. ఆ గుర్రం వీడియో చూసి అడుగులు లెక్కపెట్టకుండా మొదలుపెట్టొద్దు.

నన్నడిగితే, మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఫిగర్ స్కేటింగ్ షార్ట్ ప్రోగ్రామ్‌తో గానీ, ఫ్లోర్‌తో గానీ మొదలుపెట్టడం మేలు. నిడివి తక్కువ, నియమాలు స్పష్టం. ఐస్ డాన్స్‌లో జంటలు మొదట చేసే రిథమ్ డాన్స్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దానికి ప్రతి సీజన్ ఒక థీమ్ నిర్ణయిస్తారు. 2023-24లో 1980ల సంగీతం, 2025-26లో 1990ల సంగీతం అన్నారు కాబట్టి జంటలు ఎక్కువగా ఆ కాలపు పేరున్న పాటల కోసమే వెతుకుతాయి. అయితే థీమ్ మీకు కలిసొచ్చే సీజన్లూ ఉంటాయి. 2009-10లో, అప్పట్లో ఉన్న ఒరిజినల్ డాన్స్‌కు జానపద నృత్యాలను థీమ్‌గా ఇచ్చినప్పుడు అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలు ఎంచుకుని వాంకూవర్ ఒలింపిక్స్‌లో ప్రదర్శించారు. థీమ్ ప్రకటన వచ్చినప్పుడు ఒకసారి చూసుకోండి, అంతే.

2. గడియారం ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోండి

నిడివి ఎంతో చాలామంది చూస్తారు. లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడరు. స్కేటింగ్‌లో టైమ్ మొదలయ్యేది సంగీతంతో కాదు, స్కేటర్ కదలడంతో. పూర్తిగా ఆగినప్పుడు ముగుస్తుంది. ఫ్లోర్‌లో కూడా జిమ్నాస్ట్ మొదటి కదలిక నుంచే లెక్క.

దీని విలువ ఎంతో 1984 సరయేవో ఒలింపిక్స్‌లో తెలిసింది. బ్రిటన్ ఐస్ డాన్స్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ ఎంచుకున్న రావెల్ 'బొలేరో' పావుగంట దాకా సాగే రచన. ఎంత కోసినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గలేదు. అనుమతి 4 నిమిషాల 10 సెకన్లకే. స్కేట్ బ్లేడు మంచును తాకాకే గడియారం మొదలవుతుందని అప్పటి నియమం. అందుకని వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, బ్లేడు ఆనించకుండా మొదటి 18 సెకన్లు పై శరీరంతోనే నడిపించారు. కళాత్మకతకు తొమ్మిదిమంది జడ్జీలూ పూర్తి 6.0 ఇచ్చారు.

నియమాలు ఏటా మారుతుంటాయి. పైన నేనిచ్చిన అంకెలతో సహా అన్నింటినీ మీరు పనిచేసే సీజన్ పత్రంలో మరోసారి సరిచూసుకోండి.

3. ఒక పాత ప్రదర్శన తీసుకుని సమయాల పట్టిక వేయండి

ఈ గైడ్‌లో ఒక్క మెట్టే చేయగలను అంటే ఇదే చేయండి.

ఒక స్కేటర్ పూర్తి షార్ట్ ప్రోగ్రామ్ వీడియో తీసుకోండి. పోటీ అయ్యాక జడ్జీల మార్కుల పత్రం ప్రచురిస్తారు, దాన్ని ప్రోటోకాల్ అంటారు. ఏ ఎలిమెంట్ (జంప్, స్పిన్ లాంటి మార్కులొచ్చే అంశం) ఏ వరుసలో చేశారో, దేనికెంత వచ్చిందో అందులో ఉంటుంది. మొదటిసారి సౌండ్ ఆపేసి వీడియో చూడండి. స్టాప్‌వాచ్ పెట్టి రాసుకుంటూ పోతే సింగిల్స్ షార్ట్ ప్రోగ్రామ్ దాదాపు ఇలా కనిపిస్తుంది:

- 0:00: పోజు నుంచి మొదటి కదలిక
- 0:28: మొదటి జంప్
- 0:50: రెండో జంప్
- 1:05 – 1:17: స్పిన్
- 1:35: చివరి జంప్
- 1:42 – 1:54: స్పిన్
- 1:58 – 2:25: స్టెప్ సీక్వెన్స్ (వరుసగా సాగే అడుగులు, మలుపులు)
- 2:28 – 2:40: ఆఖరి స్పిన్, ముగింపు పోజు

చివరి జంప్ 1:20 తర్వాత పడటం యాదృచ్ఛికం కాదు. షార్ట్ ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే చివరి జంప్‌కు 10 శాతం బోనస్ ఉంది. ఫ్రీ స్కేటింగ్‌లో రెండో సగంలోని చివరి మూడు జంప్‌లకు అదే బోనస్. అంటే కాళ్లు అలిసిపోయాక కూడా కష్టమైన పని మిగిలే ఉంటుంది. మీ సంగీతం సరిగ్గా అక్కడే నీరసంగా సాగితే స్కేటర్‌కు ఆసరా ఉండదు.

ఇప్పుడు సౌండ్ పెట్టి మళ్లీ చూడండి. జంప్‌కు ముందు మూడు నాలుగు సెకన్లు సంగీతం ఏం చేస్తోంది? దిగాక ఏం చేస్తోంది? స్పిన్ వేగం పెరిగేకొద్దీ వాద్యాలు పెరిగాయా? మూడు నాలుగు ప్రదర్శనలు ఇలా రాసుకునేసరికి ఏ పుస్తకం చదవక్కర్లేకుండానే నిర్మాణం అర్థమవుతుంది.

ఫ్లోర్‌కైతే టంబ్లింగ్ (పరుగెత్తి పల్టీలు కొట్టే) వరుసలు ఎన్ని, ఒక్కోదానికి ముందు మూలలో నిలబడి ఊపిరి తీసుకునే వ్యవధి ఎంత అన్నది రాసుకోండి.

4. సెకన్లను బార్లలోకి మార్చుకోండి

టెంపో ముందే తేల్చుకుంటే తర్వాత కోత తగ్గుతుంది. 96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్లు), నాలుగు బీట్ల బార్ 2.5 సెకన్లు. 64 బార్లు అంటే సరిగ్గా 160 సెకన్లు, అదే 2:40. పై పట్టికలో మొదటి జంప్ 0:28 దగ్గర ఉంది కదా, 12వ బార్ మొదటి బీట్ 27.5 సెకన్ల దగ్గర వస్తుంది. అక్కడ ఒక శిఖరం పెట్టొచ్చు.

ఫ్లోర్‌కు 128 బీపీఎం అనుకుంటే బార్ 1.875 సెకన్లు. 48 బార్లు సరిగ్గా 90 సెకన్లు. హద్దు 90 కదా అని 48 బార్లూ వాడొద్దు. 46 బార్లకు ఆపితే 86.25 సెకన్లు, మూడున్నర సెకన్లకు పైగా వెసులుబాటు ఉంటుంది. ముగింపు పోజులో అర సెకను ఆలస్యమైనా టెన్షన్ ఉండదు.

5. శరీరం ఊపిరి పీల్చుకునేలా రాయండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. స్టూడియోలో అద్భుతంగా ఉన్నది రింక్ మీద భారంగా అనిపించడానికి కారణం సాధారణంగా ఒకటే. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా అంతా శిఖరమే. సినిమా ట్రైలర్ సంగీతంలా మోగుతూనే ఉంటే జంప్ ఎక్కడ గొప్పగా కనిపించాలి?

జంప్ ముందు: సంగీతాన్ని పలుచన చేయండి, ఆపేయొద్దు. ఒక పల్స్ మిగలాలి. స్కేటర్ దాన్ని పట్టుకునే అడుగు వేస్తారు.

జంప్ దిగే చోట: ఒక్క తాళం దెబ్బ మీద అంతా ఆధారపడేలా రాయొద్దు. ట్రిపుల్ జంప్ గాలిలో ఉండేది సెకను కంటే తక్కువే, కానీ దానికి ముందరి పరుగు రోజుకోలా ఉంటుంది. అర సెకను తేడా మామూలు. ఒంటరి సింబల్ దెబ్బ పడి, ఆ తర్వాత స్కేటర్ దిగితే తప్పు అందరికీ తెలుస్తుంది. దానికి బదులు శిఖరానికి చేరి ఒకటి రెండు సెకన్లు నిలిచే కార్డ్ ఇవ్వండి. ఆ వ్యవధిలో ఎక్కడ దిగినా సంగీతానికి సరిపోయినట్టే కనిపిస్తుంది.

పడిపోతే: దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. మేటి స్కేటర్లూ పడతారు. లేచి మళ్లీ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పోతాయి. అప్పుడు "నేను ఎక్కడున్నాను" అని వెతుక్కోవడానికి చెవికి గుర్తులు కావాలి. ప్రతి ఎనిమిది బార్లకు ఒక కొత్త వాద్యం, ఒక మలుపు, తేలిగ్గా గుర్తుపట్టే ఒక స్వరం పెట్టండి. ఒకే లూప్ ఒకటిన్నర నిమిషం తిరిగితే, తప్పిపోయిన స్కేటర్ దారి కలవడం చాలా కష్టం.

స్టెప్ సీక్వెన్స్‌లో: తాళం స్పష్టంగా ఉండాలి, లోపల వాక్యాలు మారుతుండాలి. మీ సృజన అంతా చూపించే చోటు ఇదే. కొరియోగ్రాఫర్లు డెమో వినేటప్పుడు ఈ భాగం కోసం ముందుకు జరిపి వింటారని గుర్తుంచుకోండి.

ముగింపు: ఫేడ్ అవుట్ వద్దు. ఆఖరి పోజుకు ఒక స్పష్టమైన చివరి స్వరం కావాలి.

ఇదంతా అందం కోసమే కాదు, మార్కుల్లోనూ కనిపిస్తుంది. స్కేటింగ్‌లో ప్రతి ఎలిమెంట్‌కు -5 నుంచి +5 దాకా నాణ్యత మార్కు ఇస్తారు. జంప్‌లకు మార్కు పెంచే ఆరు అంశాల్లో 'ఎలిమెంట్ సంగీతానికి సరిపోవడం' ఒకటి. మహిళల ఫ్లోర్‌లోనూ సంగీతం వెనకెక్కడో మోగుతూ కదలికలు వాటి దారిన అవి పోతుంటే కళాత్మకత కింద కోత పడుతుంది. మీరు రాసిన చోటు బాగుంటే క్రీడాకారులకు నిజంగా మేలు జరుగుతుంది. ఈ మాట కోచ్‌తో మాట్లాడేటప్పుడు ధైర్యంగా చెప్పండి.

6. ఆ హాలు కోసం మిక్స్ చేయండి

ఐస్ రింక్ అంటే గట్టి మంచు, గట్టి గోడలు, ఎత్తైన పైకప్పు. ప్రతిధ్వని చాలాసేపు ఉంటుంది. మీరు రెవెర్బ్ బాగా వేసి పంపితే దాని మీద ఇంకో రెవెర్బ్ పడి అంతా ముద్ద అవుతుంది. రెవెర్బ్ తగ్గించండి. బాగా కింది బేస్ పలుచన చేయండి. ఎడమ కుడి ఆటలు పెట్టుకోవద్దు, చాలా హాళ్లలో స్పీకర్లు మోనోలోనే మోగుతాయి. మెత్తటి భాగాలను మరీ మెత్తగా ఉంచకండి. జనం చప్పుడులో స్కేటర్‌కు వినపడదు. అలాగని అంతా కంప్రెస్ చేసి ఒకే ఎత్తుకు తేవద్దు, ఎత్తుపల్లాలు పోతాయి. పీక్ -1 డీబీ దాటకుండా చూసుకోండి.

ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌కు వేరే ఆలోచన కావాలి. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్ల వేగంతో వెళ్తుంది, గాలిలో 343 మీటర్లే. అందువల్ల నీటిలో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవికి అందదు, స్టీరియోకు అర్థమే ఉండదు. లోతు తక్కువున్న నీటిలో కింది ఫ్రీక్వెన్సీలు దూరం ప్రయాణించవు. మీ తాళమంతా కిక్ డ్రమ్, బేస్ మీదే నడుస్తుంటే, తలకిందులుగా నీటిలో ఉన్న ఈతగాళ్లకు అది చేరదు. మధ్య స్థాయి శ్రుతిలో, మొదలు పదునుగా ఉండే వాద్యానికి పల్స్ అప్పగించండి. వాళ్లు నీటి అడుగున లెక్కపెట్టుకునేది దాన్నే.

7. పంపే ముందు పరీక్షించండి

- ఫోన్ స్పీకర్‌లో, మోనోలో వినండి. తాళం, ప్రధాన స్వరం రెండూ నిలబడాలి.
- ఖాళీగా ఉన్న పెద్ద హాలులో మోగించి దూరంగా నిలబడండి. ఏ బీట్ ఎక్కడ పడుతోందో చప్పట్లు కొట్టి చూడండి. మీరే తడబడితే మిక్స్ మార్చాలి.
- మీరు పట్టిక వేసుకున్న వీడియో సౌండ్ తీసేసి దాని మీద మీ ట్రాక్ పెట్టి చూడండి. రెండు మూడు చోట్లయినా వాటంతట అవే కలవాలి. ఇది మీ గదికే పరిమితం. ప్రసార హక్కులున్న ఆ వీడియోను ఎక్కడా పోస్ట్ చేయొద్దు, ఎవరికీ నమూనాగా పంపొద్దు.
- ట్రాక్ అసలు వినని వ్యక్తికి ఒక్కసారి వినిపించి, మధ్యలోంచి పది సెకన్లు మోగించండి. అది మొదట్లోదో చివరిదో చెప్పగలిగారా? చెప్పలేకపోతే గుర్తులు చాలవు.
- గొంతు వాడిన ఫ్లోర్ ట్రాక్ అయితే వేర్వేరు భాషలవాళ్లకు వినిపించండి. మీకు అర్థం లేని ధ్వని ఇంకో భాషలో మాట కావచ్చు.

అన్నింటికంటే మంచి పరీక్ష దగ్గరలోని క్లబ్‌లో ప్రాక్టీస్ చేసే ఒక జూనియర్‌ను అడగడం. లెక్కలేమీ చెప్పకుండా ట్రాక్ మోగించి, మనసుకు తోచినట్టు కదలమనండి. ఎక్కడ వేగం అందుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. వాళ్లు రెండోసారి కూడా అదే చోట ఆగితే తప్పు ట్రాక్‌లోనే ఉంది.

8. సరైన మనిషికి, సరైన నెలలో పంపండి

సంగీతం ఎంపికలో ఎక్కువ మాట కొరియోగ్రాఫర్‌ది, ఆపైన కోచ్‌ది, క్రీడాకారులది. పేరున్న స్కేటర్ల సోషల్ మీడియా ఖాతాలకు మెసేజ్‌లు పెట్టి ఎదురుచూడటం దాదాపు వృథా. ఒక కొరియోగ్రాఫర్ ఏడాదికి చాలామందికి ప్రోగ్రామ్‌లు చేస్తారు. ఆయనకో ఆవిడకో మీ పని నచ్చితే, ఈసారి కాకపోయినా వచ్చేసారి గుర్తుకొస్తారు. పైగా వాళ్ల దగ్గర జూనియర్లు, సీనియర్లు ఇద్దరూ ఉంటారు.

స్కేటింగ్ సీజన్ జులై 1న మొదలై తర్వాతి జూన్ 30న ముగుస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ సాధారణంగా మార్చిలో. కొత్త ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య తయారవుతాయి. మీ డెమో ఫిబ్రవరి, మార్చిలో చేరితే వినే తీరిక, మార్చే సమయం రెండూ ఉంటాయి. అక్టోబర్‌లో పంపితే అందరూ పోటీల్లో మునిగి ఉంటారు.

మెసేజ్ చిన్నగా ఉండాలి. ఇలా:

"నమస్కారం. నేను స్వరకర్తను. సింగిల్స్ షార్ట్ ప్రోగ్రామ్ కోసం 2 నిమిషాల 38 సెకన్ల ట్రాక్ చేశాను. 96 బీపీఎం, మాటలు లేవు. స్టెప్ సీక్వెన్స్‌కు అనువైన భాగం 1:58 దగ్గర మొదలవుతుంది. రచన, రికార్డింగ్ హక్కులు పూర్తిగా నావే. మీకు కావలసినట్టు కోసి, మార్చి ఇస్తాను. లింక్ కింద ఉంది."

జీవిత చరిత్ర, అవార్డుల జాబితా అక్కర్లేదు. పెద్ద ఫైల్ జతచేయొద్దు. నేరుగా మోగే లింక్ ఇవ్వండి. ఒకేసారి ఇరవై ట్రాక్‌లు పంపితే ఒక్కటీ వినరు. రెండు చాలు. జవాబు రాకపోతే మూడు నాలుగు వారాలకు ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి, అక్కడితో ఆపండి.

9. హక్కులు ముందే తేల్చుకోండి

ఇప్పుడు మీలాంటి స్వరకర్తలకు గట్టిగా కలిసొచ్చేది ఇదే. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా పెయిర్స్ జంట ఒక పాత జానపద పాటను వాడింది. పాట పాతదే. కానీ వాళ్లు వాడింది హెవీ యంగ్ హీథెన్స్ అనే ద్వయం చేసిన రూపం. అనుమతి లేకుండా వాడారంటూ ఆ ద్వయం స్కేటర్ల మీద, ప్రసార సంస్థ మీద దావా వేసింది, తర్వాత రాజీ కుదిరింది. ఆ గొడవ తర్వాత అనుమతుల విషయంలో అందరి భయమూ పెరిగింది. "హక్కులన్నీ ఒక్కరి దగ్గరే ఉన్నాయి, రాసి ఇస్తారు" అనే మాటకు ఇవాళ చాలా విలువ ఉంది.

ప్రతి ట్రాక్‌లో రెండు హక్కులుంటాయి: రచనది ఒకటి, రికార్డింగ్‌ది ఒకటి. రెండూ మీవేనా? వయోలిన్ వాయించిన స్నేహితుడు, ఆలాపన పాడినావిడ రాసి ఇచ్చారా? నోటిమాట చాలదు. ట్రాక్‌ను ఇప్పటికే ఏ మ్యూజిక్ లైబ్రరీకో, నిర్మాణ సంస్థకో ఇచ్చేసి ఉంటే దాన్ని మీరు మళ్లీ ఇవ్వలేకపోవచ్చు. ఒప్పందం తీసి చదవండి. కొన్న శాంపిల్ లూప్‌ల లైసెన్స్ కూడా చదవండి. ఎక్కడో దొరికిన లూప్, ఎవరిదో తెలియని శాంపిల్ ఉంటే తీసేసి మీరే వాయించండి. రచనను మీ దేశంలోని పెర్ఫార్మింగ్ రైట్స్ సొసైటీలో నమోదు చేసుకోండి, రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. టీవీలో ప్రసారమైనప్పుడు రాయల్టీ మీదాకా రావాలంటే ఇవి ఉండాలి.

క్రీడాకారులకు ఇచ్చే ఒప్పందం ఒకటి రెండు పేజీలు చాలు. అందులో ఇవి తప్పక ఉండాలి:

- ఎన్ని సీజన్లు. స్కేటర్లు ఒక ప్రోగ్రామ్‌ను రెండో ఏడాదీ కొనసాగించడం మామూలే, కాబట్టి పొడిగింపు గురించి ముందే రాయండి.
- ఏ దేశంలో పోటీ జరిగినా వాడుకోవచ్చని.
- కోయడానికి, కలపడానికి అనుమతి.
- టీవీ ప్రసారం, ఆన్‌లైన్ వీడియోలు, క్రీడాకారుల సొంత పోస్టులు.
- వేరెవరికీ ఇవ్వకూడదంటే ఆ షరతు ఆ క్రీడకు, ఆ కాలానికి మాత్రమే. "ఎప్పటికీ, ఎక్కడా" అని సంతకం పెట్టొద్దు.
- మీ పేరు ఎలా రాయాలో. పోటీల్లో స్కేటర్ వివరాల పత్రంలో సంగీతం పేరు, స్వరకర్త పేరు వేస్తారు. స్పెల్లింగ్ మీరే ఇవ్వండి.

జూనియర్‌కు డబ్బు తీసుకోకుండా ఇచ్చినా ఒప్పందం రాసుకోండి. ఉచితంగా ఇవ్వడం వేరు, హక్కులు వదులుకోవడం వేరు. క్రీడా ప్రదర్శనల కోసమే సంగీత లైసెన్సులు ఇచ్చే క్లిక్‌ఎన్‌క్లియర్ లాంటి వేదికలూ ఉన్నాయి. షరతులు చదివి నచ్చితే మీ ట్రాక్‌లు అక్కడ పెట్టొచ్చు.

10. ఎంపికయ్యాక అసలు పని మొదలవుతుంది

"చివరి జంప్ ముందు నాలుగు సెకన్లు కావాలి", "రెండో స్పిన్ తీసి వెనక్కి పెట్టాం" అని ఫోన్లు వస్తాయి. చికాకు పడొద్దు. గాయం కావచ్చు, ఎలిమెంట్ మారి ఉండొచ్చు. మొదట్లో స్టెమ్స్ దాచుకోమన్నది ఇందుకే. మీరు ఒక్క రోజులో శుభ్రంగా మార్చి ఇవ్వకపోతే ఎవరో ఒకరు మాస్టర్ ఫైల్‌నే అడ్డంగా కోస్తారు. ఆ అతుకు ప్రపంచమంతా వింటుంది.

ప్రతి వెర్షన్‌కు ఫైల్ పేరులో తేదీ, నిడివి రాయండి. పాతది పొరపాటున పోటీకి వెళ్లిపోవడం తరచూ జరిగే తప్పు. మొదట్లో అనవసరపు నిశ్శబ్దం ఉంచకండి. కొత్త వెర్షన్ పంపిన ప్రతిసారీ "ఏ సెకను దగ్గర ఏం మారింది" అని ఒక్క వాక్యం జతచేయండి. నిర్వాహకులు అడిగిన ఫార్మాట్‌లో ఒకటి, విడిగా బ్యాకప్ ఒకటి కోచ్ దగ్గర ఉండేలా చూడండి.

మొదటి పోటీ అయిన రోజు రాత్రే ప్రోటోకాల్ తెచ్చుకుని, వీడియో పక్కన పెట్టుకుని చూడండి. మీరు శిఖరం రాసిన చోట జంప్ పడిందా? నాణ్యత మార్కులు ఎక్కడ తగ్గాయి? స్టెప్ సీక్వెన్స్‌లో స్కేటర్ తాళానికి ముందున్నారా, వెనకున్నారా? ప్రతిసారీ వెనకబడుతుంటే ఆ భాగం టెంపో ఒకటి రెండు బీపీఎం తగ్గించి ఇవ్వండి, వినేవాళ్లకు తేడా తెలియదు. ఒక్కసారే జరిగితే ఏమీ మార్చొద్దు, అలిసిపోయి ఉండొచ్చు. మార్పు అవసరమా కాదా అన్నది తర్వాతి పోటీ కూడా చూశాక కోచ్‌తో కలిసి తేల్చుకోండి.